పదకొండు కొక్కేల డైవర్: గేర్ సర్దడం మీద ఒక కేస్

నేను విశాఖలో స్కూబా నేర్పుతాను. ఈ కేసులోని మనిషిని అడిగే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఎవరికీ ఏమీ కాలేదు, ఆ టెన్షన్ లేకుండా చదవండి. ఏమీ కానివాటిని మా వాళ్లు రాసుకోరు, బోటు ఒడ్డుకు రాగానే నవ్వేసి మర్చిపోతారు. నేనూ చాలాసార్లు అదే చేశాను.

ఆయన వయసు నలభై దాటింది, ఆఫీసు ఉద్యోగం. అండమాన్‌లో కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు, తర్వాత అక్కడా ఇక్కడా కలిపి ఇరవై డైవ్‌ల దాకా అద్దె సామానుతోనే చేశారు, ఆ తర్వాత సొంత గేర్ కొన్నారు. సొంత గేర్ కొన్నవాళ్లందరికీ ఒక జబ్బు పట్టుకుంటుంది. నాకూ పట్టింది. బీసీడీ (గాలి నింపి నీళ్లలో తేలడం సరిచేసుకునే జాకెట్టు) మీద ఖాళీ డీ రింగు (సామాను తగిలించే రింగు) కనిపిస్తే చాలు, దానికేదో ఒకటి తగిలించేదాకా చెయ్యి ఊరుకోదు.

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం పొద్దున్నే రుషికొండ ఒడ్డున ఆయన సామాను మొదటిసారి చూశాను. రెండు టార్చ్‌లు, చిన్న కెమెరా, రాసుకునే పలక, దిక్సూచి, నీళ్లలో చప్పుడు చేసి పిలవడానికి గిలక్కాయ లాంటిది ఒకటి, చేతి తొడుగులు, రీలు, పైకొచ్చేటప్పుడు గాలి నింపి వదిలే నారింజ రంగు గొట్టం (ఎస్‌ఎంబీ అంటాం), ఇవన్నీ వేలాడుతున్నాయి. కొక్కేలు లెక్కపెట్టాను, పదకొండు. అందులో ఎక్కువ కొండలెక్కేవాళ్లు వాడే కారాబైనర్ రకం, నొక్కితే లోపలికి తెరుచుకునేవి.

మా బోటు నడిపే పెద్దాయన జాలరి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. తాడు చుట్టుకుంటూ తలెత్తి చూశాడు. "ఏటి బాబూ ఇది, చేపకి ఒక గేలం సాల్దా, మీకిన్నేటి?" అన్నాడు. అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

మొదట నాకు కనిపించింది

మొదటి డైవ్‌లో చూసింది ఇది. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపించే గేజ్, దాని గొట్టం పొట్ట కింద వేలాడుతోంది. పక్కవాడికి గాలి అయిపోతే ఇవ్వాల్సిన రెండో రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చేది), అదే ఆక్టోపస్, హోల్డర్‌లోంచి జారిపోయి ఇసుకలో గీతలు గీస్తోంది. బరువంతా కుడి పక్కకు చేరడంతో మనిషి కుడికి ఒరిగి ఈదుతున్నారు, నిటారుగా ఉండటానికి ఎడమ కాలు ఎక్కువ కొడుతున్నారు, దాంతో గాలి ఎక్కువ తాగుతున్నారు.

అద్దె సామానుతో ఇరవై డైవ్‌లు చేసిన మనిషికి ఇది ఇంతకుముందు ఎందుకు ఇబ్బంది కాలేదంటే, ఒకటి, అప్పుడు ఆ పరికరాలే లేవు. రెండోది మన నీళ్లు. అండమాన్‌లో నీళ్లు తేటగా ఉంటాయి, వేలాడే గేజ్‌ని తల వంచి కళ్లతో వెతుక్కోవచ్చు. మన దగ్గర మూడు నాలుగు మీటర్లు కనిపించినా మంచి రోజే అనుకుని దిగే సందర్భాలు చాలా. ఇక్కడ గేర్‌ని వేళ్లతో వెతుక్కోవాలి. కింద రాళ్లుంటాయి, రాళ్లకు పాత వలలుంటాయి. నైలాన్ వల కుళ్లదు. తెగి రాతికి చిక్కుకున్న వల ఏళ్ల తరబడి అక్కడే ఉండి, దగ్గరకొచ్చినదాన్నల్లా పడుతూనే ఉంటుంది.

ఇంత తెలిసి నేనిచ్చిన సలహా ఏమిటి? రిట్రాక్టర్లు పెట్టుకోమన్నాను. లోపల స్ప్రింగు ఉండి, లాగితే సన్న తాడు బయటికొచ్చి, వదిలితే లోపలికి చుట్టుకునే డబ్బాలు. వేలాడేవన్నీ ఒంటికి అతుక్కుంటాయి కదా, సమస్య తీరిందనుకున్నాను. ఆయన మూడు కొన్నారు. చూడ్డానికి నీట్‌గానే ఉంది.

మూడో డైవ్

11 మీటర్ల లోతు. నేను ఆయనకు రెండు మీటర్ల దూరంలో ఉన్నాను. ఆయన ఫిన్స్ కొడుతున్నారు గానీ ముందుకు రావడం లేదు. ఏమైందా అని ఆయన వెనక్కి తిరగబోయారు. వలలో పడ్డ మనిషి ఎవరైనా ముందు చేసే పని అదే, తిరగడం. తిరిగేకొద్దీ చుట్టుకుంటుంది.

బీసీడీ పట్టీ పట్టుకుని ఆపాను, కళ్లలోకి చూసి అరచెయ్యి చూపించాను, ఆయన కదలడం మానేశారు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. తర్వాత వేళ్లతో తడిమాను. చిక్కు రెండు చోట్ల ఉంది. ఎడమ పక్క గేజ్ ఒక వల కన్నులోంచి దూరి అవతలికి వెళ్లిపోయింది, రిట్రాక్టర్ తాడు పూర్తిగా బయటికి సాగి ఉంది. స్ప్రింగు తాడు చెయ్యి లాగితేనే వస్తుందనుకున్నాను, వల లాగినా వస్తుందని తట్టలేదు. కుడి పక్క, ఛాతీ మీద టార్చ్ తగిలించిన కారాబైనర్‌లో వల పోగు దూరి కూర్చుంది. దాన్ని ఎవరూ నొక్కలేదు. పోగే బయటి నుంచి ఒత్తి, తలుపు తెరుచుకుని, లోపలికొచ్చాక తలుపు మూసుకుంది. ఈ రకం కొక్కేన్ని డైవర్లు సూసైడ్ క్లిప్ అంటారు. ఎందుకో పాఠంలో ఎన్నిసార్లు చెప్పానో, ఆ రోజు వేళ్లకు తెలిసింది.

దాన్ని తెరవలేకపోయాను. వల బిగుసుకుని లాగుతోంది. తలుపు లోపలికి నొక్కి పట్టుకుని పోగును వెనక్కి తోయాలి, అందుకు రెండు చేతులూ కావాలి, ఒక చేత్తో నేను మనిషిని పట్టుకుని ఉన్నాను. కొక్కెం నేరుగా స్టీలు రింగుకు తగిలించి ఉంది, మధ్యలో తాడు ముక్క ఏమన్నా ఉంటే దాన్ని కోసి టార్చ్‌ని వదిలేసేవాడిని. ఇనుముకు ఇనుము తగిలిస్తే కోయడానికి ఏమీ మిగలదు. చివరికి నా కట్టర్‌తో వలనే కోశాను, ఒక్కో పోగు చొప్పున ఏడు పోగులు.

ఆ ఎనిమిది నిమిషాల్లో ఆయన గేజ్ 110 బార్ (గాలి ఒత్తిడి కొలత) నుంచి 70కి పడింది. మా సిలిండర్ 11 లీటర్లది, 40 బార్ అంటే 440 లీటర్ల గాలి. ఆ లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు పైచిలుకు ఉంటుంది కాబట్టి నీటిపైన ఉన్నట్టు లెక్కేస్తే నిమిషానికి 26 లీటర్లు పీల్చారన్నమాట. తాపీగా ఉన్నప్పుడు ఆయన 17 దగ్గర ఉంటారు. అంటే భయపడ్డారు, కానీ గాభరా పడలేదు. పైకొస్తూ 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, మామూలుగానే బోటెక్కాం.

"మీకు కత్తి ఉంది కదండీ, తీయలేదేం?" అని అడిగాను. కత్తి ఎడమ పిక్క లోపలి పక్కన కట్టుకున్నారు.

"గుర్తే రాలేదు మాస్టారూ. గుర్తొచ్చినా కాలు వల వైపే ఉంది కదా."

రెండో తప్పు

వారం తర్వాత రిట్రాక్టర్లు పీకేశాం, కారాబైనర్లు పీకేశాం, వాటి స్థానంలో బొటనవేలితో వెనక్కి జరిపితే తప్ప తెరుచుకోని బోల్ట్ స్నాప్‌లు తెచ్చాం. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత ఏం చేశానంటే, నా గేర్ ఎలా ఉంటుందో ఆయనదీ అలాగే సర్దేశాను. గేజ్ ఎడమ నడుము రింగుకు, అదనపు టార్చ్ భుజం పట్టీకి, ఎస్‌ఎంబీ వెనక్కి. గుహల్లో డైవ్ చేసేవాళ్ల నుంచి వచ్చిన పద్ధతి ఇది, దశాబ్దాలుగా పరీక్షకు నిలబడింది, నేను పదేళ్లుగా వాడుతున్నాను. మంచి పద్ధతే.

పూల్‌లో చూస్తే ఆయన గేజ్ తీస్తారు, చూస్తారు, వదిలేస్తారు. తిరిగి తగిలించరు. చెప్పాను. మళ్లీ అంతే. రెండో రోజు కాస్త గట్టిగానే చెప్పాను, "సార్, ఇది బద్ధకం, నీళ్లలో బద్ధకం పనికిరాదు" అన్నాను. నాకంటే వయసులో పెద్ద మనిషిని అలా అనకూడదు. ఆయన "సరే మాస్టారూ" అన్నారు, తలవంచుకుని మళ్లీ ప్రయత్నించారు. మాస్క్‌కి లోపల నల్ల ప్లాస్టర్ అంటించి కళ్లు కనపడకుండా చేయిస్తే మరీ ఘోరం, ఆరుసార్లలో ఒక్కసారి తగిలింది.

నా నోట్‌బుక్‌లో ఆ రోజు "శ్రద్ధ లేదు" అని రాసి ఉంది. కొట్టేయలేదు, అలాగే ఉంచాను.

పూల్ నుంచి టిఫిన్‌కి వెళ్లాం. ఆయన తన సంచీ కుర్చీ వెనక, ఎడమ పక్కకు తగిలించారు. పెసరట్టు తిన్నాక డబ్బులు తీయబోయారు. సంచీ మూరెడు దూరంలో ఉంది, కూర్చునే చెయ్యి వెనక్కి పెడితే అందుతుంది. ఆయన కుర్చీలోంచి లేచారు, ఒళ్లంతా తిప్పి సంచీకి ఎదురుగా నిలబడి, కుడి చేత్తో జిప్ తీశారు. నేను గ్లాసు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

"ఎడమ చెయ్యి ఏమైందండీ?"

"ఏం లేదే. ఎనిమిదేళ్ల కిందట షటిల్ ఆడుతూ పడ్డాను లెండి. నొప్పేమీ లేదు, వెనక్కి మాత్రం ఇంతే వస్తుంది." చూపించారు. మోచెయ్యి నడుము దాటి వెనక్కి వెళ్లడం లేదు.

నడుము రింగు దగ్గర స్నాప్ తీయడం ఆయనకు తేలికే, కుడి చెయ్యి అడ్డంగా తెచ్చి లాగేస్తారు. తిరిగి తగిలించాలంటే రింగు ఎక్కడుందో ఎడమ చెయ్యి వెతికి పట్టుకోవాలి, ఆ చెయ్యి అంత దూరం పోదు. నేను బద్ధకం అన్నది దాన్ని. హెల్త్ ఫారంలో ఎందుకు రాయలేదంటే, నొప్పి లేదు కాబట్టి ఆయన దృష్టిలో అది జబ్బే కాదు. అడగాల్సింది నేను.

ఇక్కడ పని ఆపేశాను. ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకుని, డైవింగ్‌కి పర్వాలేదని రాయించుకుని రమ్మన్నాను. ఆయనకు చిరాకేసింది, ఇరవై డైవ్‌లు చేశాక ఇప్పుడెందుకని. రెండు కారణాలు చెప్పాను. ఒకటి, ఏ చెయ్యి ఎంతవరకు వెళ్తుందో కాగితం మీద ఉంటే గేర్ దాన్నిబట్టి సర్దొచ్చు. రెండోది అసలైనది. పైకొచ్చాక ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే డీకంప్రెషన్ జబ్బుకి భుజం నొప్పి బాగా తెలిసిన లక్షణం. రేపు డైవ్ తర్వాత భుజం లాగితే పాత దెబ్బలే అని ఇంటికెళ్లి పడుకునే మనిషి ఈయన. పాత భుజం ఎలా ఉందో, నొప్పి ఉందో లేదో ముందే రాసిపెట్టి ఉంటే కొత్త నొప్పిని పాతదానికి అంటగట్టడం కుదరదు. పది రోజుల్లో కాగితం తెచ్చారు.

మళ్లీ సున్నా నుంచి

ఈసారి బీసీడీ మీద ఒక్కటీ లేకుండా మొదలుపెట్టాం. ఎవరి పద్ధతీ కాపీ కొట్టలేదు. ఒక్కో వస్తువు చేతిలో పెట్టి అడిగాను. ఇది ఎప్పుడు కావాలి, ఆ క్షణంలో మీ ఏ చెయ్యి ఖాళీగా ఉంటుంది, చూడకుండా ఆ చేత్తోనే తిరిగి పెట్టగలరా? జవాబు రానిది పక్కన పెట్టాం. గిలక్కాయ మొదటి ప్రశ్నకే పోయింది. రెండో టార్చ్ కూడా, పగటి డైవ్‌లకు. కెమెరా ఐదు డైవ్‌ల దాకా వద్దన్నాను, దీనికి ఆయన నొచ్చుకున్నారు, నిజంగానే. చేతిలో కెమెరా ఉన్నంతసేపు ఆ చెయ్యి లేనట్టే లెక్క, అందుకని పట్టుబట్టాను.

గేజ్ దగ్గర ఎక్కువసేపు ఆగాం. నడుము దగ్గర కుదరదు. కుడి పక్కకు మార్చేద్దామా అంటే, ఎడమ నుంచి వచ్చే గొట్టాన్ని కుడికి లాగితే అది పొట్టకు అడ్డంగా పడి మళ్లీ వేలాడుతుంది. పైగా డైవ్‌లో తోడుండేవాళ్లందరికీ గేజ్ ఎడమనే ఉంటుందన్న అలవాటు. అందుకని ఎడమ ఛాతీ రింగుకు తెచ్చాం, కుడి చెయ్యి ముందు నుంచి అడ్డంగా వచ్చి పట్టుకునేలా. దీంట్లో ఇబ్బంది లేకపోలేదు, గొట్టం పొడవు ఎక్కువై చంక కింద విల్లులా బయటికి వంగుతుంది, వల మళ్లీ అక్కడ పట్టొచ్చు. ఆ వంపును నడుము పట్టీ మీద సాగే తాడు వలయంలోంచి పోనిచ్చి ఒంటికి అణిచాం. నా స్నేహితుడొకడు, వాడూ నేర్పేవాడే, చూసి మొహం చిట్లించాడు. చూడ్డానికి బాగోలేదు, నిజమే.

ఎస్‌ఎంబీ వెనక నుంచి కుడి తొడ జేబులోకి వచ్చింది. ఎందుకంటే పైకొచ్చేటప్పుడు ఎడమ చెయ్యి ఇన్‌ఫ్లేటర్ (బీసీడీలో గాలి నింపే, వదిలే గొట్టం) మీద ఉంటుంది, గాలి వదలాలి కదా. ఆ సమయంలో కావాల్సిందేదైనా కుడి చెయ్యికే అందాలి. జేబులో కూడా వదులుగా వేస్తే పలక తీయబోతే రీలు జారి పడుతుంది, అందుకని లోపల వలయం కుట్టించి దానికి స్నాప్ వేశాం. పిక్క మీది కత్తి తీసేసి చిన్న కట్టర్ నడుము పట్టీకి ముందు వైపు, బకిల్ పక్కనే పెట్టాం, రెండు చేతులకూ అందుతుంది.

ఆక్టోపస్‌ని మెడలో సాగే తాడుతో వేసుకోవడం గురించి చాలా ఆలోచించాను. భుజంతో పని లేదు, గడ్డం కిందే ఉంటుంది. కానీ అలా వేసుకుంటే పక్కవాడికి తన నోట్లోదే తీసి ఇవ్వాలి, దానికి పొడవు గొట్టం కావాలి, కొత్తగా నేర్చుకోవాలి. ఒకేసారి అన్నీ మార్చితే కంగారులో పాత అలవాటే బయటికొస్తుంది. అందుకని ఛాతీకి కుడి పక్క, గడ్డానికీ పక్కటెముకలకూ మధ్య, రబ్బరు హోల్డర్‌లోనే ఉంచాం. మిగతావి గట్టిగా పట్టుకుని ఉండాలి, ఇది మాత్రం పక్కవాడు ఒక్క గుంజు గుంజితే ఊడి రావాలి. పాత హోల్డర్ మరీ వదులు, కొత్తది మరీ బిగువు, దాన్ని నాలుగు రోజులు రెగ్యులేటర్ నోట్లో పెట్టుకునే ముక్కకు తొడిగి ఉంచి సాగదీస్తే సరిపోయింది.

ఇక స్నాప్‌కీ టార్చ్‌కీ మధ్య కట్టే తాడు ముడి. దీనికి ఫిషింగ్ హార్బర్ దగ్గర వల సామాను అమ్మే షాపుకెళ్లాం. మొదట తెచ్చిన ఒంటి పోగు నైలాన్ నున్నగా ఉండి, ముడి బకెట్‌లో కడుగుతుండగానే జారిపోయింది. రెండోసారి అల్లిన తాడు తెచ్చాం, రెండు మిల్లీమీటర్లది. మూరెడు ముక్క కోసి, స్నాప్ కన్నులోంచి రెండుసార్లు, టార్చ్ పిడి కన్నంలోంచి రెండుసార్లు పోనిచ్చి, మధ్యలో మిగిలిన వలయాల నడుముకు నాలుగైదు చుట్లు బిగించి తిప్పి, చదరం ముడి వేయాలి. కొసలు అర సెంటీమీటరు ఉంచి కోసి, లైటర్ చూపించి, కరిగి బొట్టు కట్టగానే లైటర్ అడుగుతో నొక్కేయాలి. వేలితో నొక్కకండి, నేను నొక్కాను. ఈ ముడి ఏడాది ఉంటుంది, అవసరమైతే కట్టర్‌కి రెండు క్షణాల్లో తెగుతుంది. స్నాప్ ఉప్పు పట్టి బిగుసుకున్నా, వల పట్టినా, టార్చ్ పోతుంది గానీ మనిషి వస్తాడు. టార్చ్ తోక ఊగకుండా సైకిల్ ట్యూబు నుంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి భుజం పట్టీకి తొడిగాం. సైకిల్ షాపతను డబ్బులు తీసుకోలేదు.

స్నాప్‌లు కొనేటప్పుడు అయస్కాంతం పట్టుకెళ్లమన్నాను. స్టీలని అమ్మేదానికి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే మన ఉప్పు గాలికి రెండు నెలలు ఆగదు. ఇత్తడివి పచ్చబడతాయి, చూడ్డానికి బాగోవు, కానీ బిగుసుకోవు.

అన్నీ ఒకేసారి పెట్టలేదు. పూల్‌లో రోజుకు ఒకటో రెండో, మాస్క్‌కి ప్లాస్టరుతో. గేజ్ స్నాప్ మొదట మరీ పొట్టిగా కట్టాను, అంకెలు చూడ్డానికి ఆయన గడ్డం ఛాతీలోకి గుచ్చుకోవాల్సొచ్చింది, అయిదు సెంటీమీటర్లు పెంచాం. స్నాప్ తలుపు ఒంటి వైపు ఉండాలా బయటికా అన్నదాని మీద ఒక సాయంత్రం గడిచిపోయింది, ఆయన బొటనవేలికి బయటికి ఉంటేనే తేలిక, అలాగే ఉంచాం. నాలుగో సెషన్‌లో కళ్లు మూసి పదిసార్లలో పదిసార్లు తగిలించారు. "బద్ధకం తగ్గిందంటారా మాస్టారూ?" అన్నారు. క్షమాపణ అప్పటికి రెండుసార్లు చెప్పాను, మూడోసారి చెప్పాను.

సముద్రంలో

తర్వాత ఆరు డైవ్‌లు చేశాం. బోటు అంచున కూర్చుని వెనక్కి పడే ముందు ఆయన ఒంటిని ఒకే వరసలో తడుముకుంటారు. గేజ్, ఆక్టోపస్, టార్చ్, కట్టర్, జేబు. ఐదే, కాబట్టి ఒక చేతి వేళ్లకు సరిపోయింది. కుడికి ఒరగడం చాలావరకు పోయింది, మిగిలిన కాస్తకి ఒక కిలో బరువు ఎడమకి మార్చాం. గాలి వాడకం నిమిషానికి 15 దగ్గరకు వచ్చింది. అదంతా కొక్కేల వల్లే అనను, డైవ్‌లు పెరిగితే ఎవరికైనా తగ్గుతుంది. అయిదో డైవ్‌లో నీళ్లు బురదగా ఉన్నాయి, ఆయన చెయ్యి తప్ప నాకేమీ కనిపించలేదు. ఆ చెయ్యి ఛాతీకి అడ్డంగా వచ్చింది, గేజ్ తీసింది, పెట్టింది, వెళ్లిపోయింది. ఆరో డైవ్‌లో రాతి మీద ఇంకో వల కనబడితే ఆయనే నాకు చూపించి, దూరం నుంచి చుట్టు తిరిగి వచ్చారు.

నా పనిలో మారింది ఒకటుంది. ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా గేర్ ముట్టుకోకముందు ఒడ్డు మీద నిలబెట్టి, కళ్లు మూసుకుని రెండు చేతులతో నడుము వెనక పట్టీ, భుజాలు, తొడలు ముట్టుకోమంటాను. అర నిమిషం పని. ఇప్పటికి ఇంకో ఇద్దరు దొరికారు, ఒకావిడకి మణికట్టు తిరగదు, ఇంకొకరి బొటనవేలిలో బలం లేదు, స్నాప్ పెద్ద సైజుది వేశాం. ఇద్దరూ ఫారంలో ఏమీ రాయలేదు.

పీకేసిన పదకొండు కొక్కేలనీ ఆయన సంచీలో వేసి మా బోటు పెద్దాయన చేతికిచ్చారు. పెద్దాయన ఒక్కొక్కటే నొక్కి చూసి, తుప్పు పట్టిన మూడింటిని అక్కడే ఇసుక మీద పక్కన పెట్టాడు. మిగతావి ఇప్పుడు బోటు కమ్మీకి వరసగా ఉన్నాయి. ఒకదానికి నీళ్ల క్యాను, ఒకదానికి తువ్వాలు, ఒకదానికి ఆయన అన్నం క్యారేజీ.